కొల్లేటికి గీత

పటాలు గీసేవాళ్లకు కాస్త అహంకారం వుంటుంది. నదిని పారించింది దేవుడే గాని దానికి నీలిరంగు వేసింది మాత్రం మేమే అనుకుంటాం. హైస్కూల్లో ముప్ఫయి మూడేళ్లు డ్రాయింగు మాస్టరుగా చేసినవాణ్ణి గనక ఇది నా సంగతేనని మీరు గ్రహించే వుంటారు. నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, ఒకరిద్దరు నాయకులు కూడా వున్నారు. వాళ్లలో ఎవరికీ గుజరాతు మాత్రం ఏనాడూ కుదురుగా రాలేదు!

రిటైరయిన తరువాత ఇహ పటాల జోలికి పోనవసరం లేదనుకున్నాను. తాడేపల్లిగూడెంలో సొంత ఇల్లు, పొద్దున్నే పేపరు, సాయంత్రం కాలవగట్టు మీద షికారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? కాని మొన్న వేసవి సెలవల్లో నాకు మళ్లీ పెన్సిలూ స్కేలూ పట్టవలసి వచ్చింది. గీయవలసింది గోడకు తగిలించుకునే పటం కాదు. దానిమీద యుద్ధం చెయ్యాలి. యుద్ధం చేసేదెవరంటారా? పన్నెండేళ్ల మా మనవడూ, తొమ్మిదేళ్ల వాడి చెల్లెలూను.

మా అబ్బాయి పని మీద హైదరాబాదు వెళ్లి వస్తూ పిల్లలకు ఒక ఆటపెట్టె తెచ్చాడు. దాని పేరు 'రిస్క్'. ప్రపంచపటం పరవడం, సేనలు పేర్చడం, పాచికలు వేసి ఒకళ్ల దేశం ఒకళ్లు ఆక్రమించుకోవడం. ఇంతే ఆట. దీన్ని కల్పించినవాడు ఆల్బెర్ లామొరీస్ అనే ఫ్రెంచి సినిమా దర్శకుడు. ఒక కుర్రవాడూ ఎర్ర బుడగా నేస్తం కట్టిన కథను ఎంతో ముచ్చటగా చిత్రం తీసిన ఆ మనిషే, 1957లో ఈ దేశాల దోపిడీని కూడా పెట్టెలో పెట్టి లోకం మీదికి వదిలాడు!

ఆ పటంలో మన ఇండియా అంతా ఒకే ఒక్క ముక్క. హిమాలయం నుంచి కన్యాకుమారి దాకా ఒక్క పాచిక దెబ్బకు పడిపోతుంది.

"తాతయ్యా, ఇందులో గూడెం ఎక్కడుంది?" అని అడిగింది మనవరాలు.

"గూడెం ఏమిటే, ఆంధ్రదేశానికే దిక్కు లేదు ఇందులో," అన్నాడు వాళ్లన్నయ్య.

"అయితే మనదే ఒకటి గీసుకుందాం రండి," అన్నాను నేను. అనడం తేలికే. తరువాత ఇరవై రోజులు మా భోజనాల బల్ల మీద భోజనాలు జరగలేదు.

ఆటకు పటం గీయడంలో వున్న తిరకాసేమిటో చెబుతాను. గోడకు తగిలించే పటం నిజంగా వుంటే చాలు. ఆటపటం నిజంగానూ వుండాలి, న్యాయంగానూ వుండాలి. న్యాయమంటే అందరికీ సమానమని కాదు. మన పులిజూదాన్నే చూడండి. పాత దేవాలయాల మండపాల్లోనూ, ఇళ్ల అరుగుల మీదా ఆ గీతలు ఇప్పటికీ అక్కడక్కడ కనబడుతూనే వుంటాయి. ఒక పక్షాన పులులు 3, రెండో పక్షాన మేకలు 15, మొత్తం కూడళ్లు 23. పులి దూకి చంపుతుంది. మేక చంపలేదు, చుట్టుముట్టి కదలకుండా చేస్తుంది. బలాల్లో ఎక్కడా పోలిక లేదు. అయినా ఆడినవాడెవడూ ఇది అన్యాయమని లేచిపోడు. ఎంచేత? గీతలన్నీ ముందే కనబడుతున్నాయి గనక. ఏ దారిన పులి దూకుతుందో మేకకు కూడా తెలుసు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, తరువాత దీనితో పని వుంది.

ఇహ ఏ యుద్ధం గీయాలన్నది మొదటి ప్రశ్న. మా ప్రాంతంలో యుద్ధాలకేం కొదవ? ఏలూరికి ఉత్తరాన పదిపన్నెండు కిలోమీటర్లు పోతే పెదవేగి. ఈనాడు పల్లెటూరే గాని, ఆనాడు అది వేంగి, రాజధాని. సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఓడించిన రాజుల జాబితాలో వేంగి హస్తివర్మ పేరు అలహాబాదు స్తంభం మీద ఈనాటికీ వుంది. ఆ తరువాత చాళుక్య పులకేశి పిఠాపురాన్ని పట్టుకుని కునాల జలాల దగ్గర భయంకరమైన యుద్ధం చేశాడనీ, నీళ్లు నెత్తుటితో ఎర్రబడ్డాయనీ 634లో చెక్కిన ఐహోళె శాసనం చెబుతోంది. ఆ కునాలం మన కొల్లేరే అంటారు చరిత్రకారులు. కాకతీయ గణపతిదేవుడి సేనలు కూడా ఈ కొలను రాజ్యాన్ని జయించడానికి వచ్చినవే.

ఇవన్నీ చెబితే మనవడి కళ్లు మెరిశాయి గాని, ఆటకు కావలసింది మెరుపు ఒక్కటే కాదు గదా. ఎవరు ఏనాడు ఎక్కడున్నారో తెలియాలి. అంచేత 1759 సంవత్సరాన్ని ఖాయం చేశాం.

బొబ్బిలి కథ మీకు తెలిసిందే. 1757 జనవరిలో ఆ యుద్ధం జరిగింది. విజయనగరం విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చిపోయాడు. ఆ తరువాత గద్దెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. కలకత్తాలో వున్న క్లైవుకు కబురు పెట్టాడు. క్లైవు కల్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరు 7న పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి బందరు కోటకు పరుగెత్తాడు. అతణ్ణి తరుముకుంటూ ఫోర్డు, ఫోర్డు వెనకాల గజపతి. అటు హైదరాబాదు నుంచి ఫ్రెంచివాళ్లకు సాయంగా సలాబత్ జంగ్. లెక్క చూసుకోండి, నలుగురు ఆటగాళ్లు సరిగ్గా సరిపోయారు!

ఫ్రెంచివాళ్లకు సీతాఫలం గింజలు, ఇంగ్లీషువాళ్లకు గవ్వలు, గజపతికి గురివిందలు, నవాబుకు చింతపిక్కలు. చింతపిక్కలు నవాబుకు ఇవ్వడం మర్యాద కాదని మనవరాలు అభ్యంతరం చెప్పింది. కాని ఇంట్లో అవే ఎక్కువ వున్నాయి, నవాబు సేనే పెద్దది. కాబట్టి ఆయనే సర్దుకోవలసి వచ్చింది.

పటం గీయడం మొదలుపెట్టాక తెలిసింది, పాత పటానికి గీయడం కన్నా తుడపడమే ఎక్కువని. రైలుమార్గం తుడిచాం. అది పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. కాలవలు తుడిచాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాయి. ఈనాడు ఏలూరులో ఇటు గోదావరి కాలవా అటు కృష్ణ కాలవా వచ్చి కలుసుకుంటున్నాయంటే అది ఆ ఆనకట్టల చలవ. 1759లో ఆ నీళ్లు లేవు. కాలవలు పోయాక పచ్చరంగు కూడా పోయింది. కనుచూపుమేరా కనిపించే ఈ వరిచేలు ఆనాడు ఇల్లా లేవు. వానొస్తే పంట, రాకపోతే మంట.

చివరకు మా గూడెం దగ్గర ఆగాం. ఈ ఊరు ఇంత పెద్దదయిందంటే కాలవా రైలూ రాబట్టే. ఉల్లిపాయల లారీలతో ఊపిరాడని ఈ మార్కెట్టూ, రెండో ప్రపంచయుద్ధం నాడు వేసిన విమానాల దారీ అన్నీ తరువాతివే. కాబట్టి పటంలో మా ఊరికి గుండ్రటి చుక్క పెట్టడానికి వీల్లేదన్నాను.

"మన ఊరు లేదని పటం గీయడం మొదలుపెట్టాం. గీశాక కూడా మన ఊరు లేదా?" అని మనవరాలు మూతి ముడిచింది. అడిగిన మాటలో తప్పేం లేదు. మా ఇద్దరికీ రాజీ ఏమిటంటే, ఆ చోట ఒక చిన్న తాటిచెట్టు బొమ్మ వేశాం. తాడేపల్లి అంటే తాటిచెట్లు లేకుండా వుండవు గదా!

అల్లా తుడుచుకుంటూ తుడుచుకుంటూ పటం మధ్యకు వచ్చాం. అక్కడ కొల్లేరు వుంది.

కృష్ణ తెచ్చిన ఒండ్రు ఒక పక్క, గోదావరి తెచ్చిన ఒండ్రు ఒక పక్క మెరకలు వేస్తే, రెంటికీ నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. ఏలూరు నుంచి బందరు పోవాలంటే ఈ నీళ్లు అడ్డం.

"దీన్ని ఎవరూ దాటకూడదు. చుట్టూ తిరిగి పోవాలి," అన్నాడు మనవడు. అది ఆటగాడి మాట. పటంలో దాటరాని చోటు ఒకటి వుంటే వ్యూహం పండుతుందని వాడి ఉద్దేశం.

వంటింటి గుమ్మంలో నుంచుని వింటున్న మా కోడలు మొదటిసారి ఈ గొడవలోకి వచ్చింది.

"దాటకూడదేమిట్రా? మీ అమ్మమ్మ పెళ్లికి ఊరేగింపు వచ్చిందే దాని మీద. లంకలవాళ్లకు అదే రోడ్డు," అంది.

మా కోడలు పుట్టిల్లు కొల్లేటి లంక. నాకు ఆ సంగతి తెలియక కాదు. అయినా పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆ అమ్మాయి ఆ ఊరి గురించి ఎక్కువ మాట్లాడేది కాదు. వాళ్ల నాన్నగారు ఏలూరులో అద్దె ఇంట్లో వుంటారు. పండగలకు అక్కడికే వెడతారు. పిల్లలకు అమ్మమ్మగారి ఊరంటే ఏలూరే. మేమూ ఎప్పుడూ కదిపి అడగలేదు.

ఆ సాయంత్రం కోడలు కొంగు దోపుకుని బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్లలంక, పెనుమాకలంక, పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట, అన్నీ వేలు పెట్టి చూపిస్తుంటే నేను చుక్కలు పెడుతూ పోయాను. ఎక్కడ కిక్కిస దట్టంగా వుండేదో, ఎక్కడ దోనె గెడ వేస్తే అందదో చెప్పింది. కొల్లేటికోట కథ కూడా చెప్పింది. లాంగూల గజపతి కోట ఆ లంకలో వుండేదట. శత్రువులు చిగురుకోట దగ్గర దిగి, నీళ్లున్నంతసేపూ కోట చిక్కదని, కొల్లేటి నీళ్లన్నీ సముద్రంలోకి పోవాలని ఉప్పుటేరు తవ్వారట. తవ్వకం సాగడానికి దండనాయకుడు కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఇది కథే. కాని చూశారూ, ఆ కథలో కూడా యుద్ధం మనుషులతో కాదు, నీళ్లతో!

నాకు అప్పుడు ఏలూరివాడే అయిన కావలి వెంకట బొర్రయ్య గుర్తుకొచ్చాడు. 1776లో పుట్టాడు. కర్నల్ మెకంజీ దక్షిణదేశమంతా కొలిచి పటాలు గీస్తూ తిరిగినప్పుడు, ఊరూరా శాసనాలూ, గ్రామచరిత్రలూ సేకరించడంలో కుడిభుజంగా నిలిచిన తెలుగు యువకుడు. 1803లోనే, ముప్ఫయి యేళ్లు నిండకుండానే పోయాడు. ఆ పని అతని తమ్ముడు లక్ష్మయ్య కొనసాగించాడు. గొలుసు పట్టుకుని నేల కొలవడం దొరలకు వచ్చును. కాని ఈ ఊరి పేరేమిటి, ఈ చెరువు ఎవరు తవ్వించారు, ఈ రాయికి దణ్ణం ఎందుకు పెడతారు అని అక్కడున్న ముసలివాణ్ణి అడగడానికి బొర్రయ్య లాంటివాడు కావాలి. ఆ పూట మా ఇంట్లో గొలుసు నాది, మాట మా కోడలిది.

ఇంతవరకూ బాగానే వుంది. ఇహ కొల్లేటికి అంచు గీయాలి. ఇక్కడే అసలు చిక్కు.

కొల్లేటికి ఒక అంచు అంటూ లేదు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తుదాకా నీళ్లు నిలిస్తే అంత కొల్లేరు. మూడడుగుల గీత దాకా వుంటే 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల గీత దాకా వస్తే 308. వరదలు ముంచెత్తి పదడుగుల గీత చేరితే 901! ఒకే సరస్సు, వేసవిలో ఒక తాలూకాలో ఒదిగి, వర్షాకాలంలో దానికి ఆరింతలవుతుంది. చరిత్ర పటంలో సరస్సు గీయమంటే ఏ నెల సరస్సు గీయాలి?

మూడు గీతలూ సర్వే పటం నుంచి లేతగా పెన్సిలుతో దించాను. "పద్ధతిగా మధ్య గీత ఒక్కటీ సిరాతో దిద్దుదాం, చూడటానికి శుభ్రంగా వుంటుంది," అన్నాడు మనవడు. వాడి చెయ్యి అయిదడుగుల గీత మీద వుంది.

"ఆ గీత నాకు తెలుసు మామయ్యగారూ," అంది కోడలు నా వంక చూసి.

ఈ కాలపు చదువరులకు ఆ గీత సంగతి చెప్పాలి. 1970ల్లో లంకల్లోని సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. అక్కడినుంచి చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు పెరిగి, పెద్ద పెద్ద పెట్టుబడులు దిగి, సరస్సులో సరస్సు కనిపించకుండా పోయింది. పక్షులు తగ్గాయి. వరద నీరు పోయే దారి లేక పైన చేలు మునిగాయి. 1999లో అయిదడుగుల గీతకు లోపలున్న కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల్లో చేర్చారు. 2006 నాటికి ఆ గీతకు లోపలున్న గట్లు యంత్రాలు పెట్టి కొట్టేశారు.

మా కోడలు అప్పుడు ఇంటరు మొదటి సంవత్సరం. వాళ్లది వాటా చెరువు, మహా అయితే నాలుగు కుటుంబాలది. గట్టు తెగిన రోజున చేపలు ఎల్లా పోయాయో, వాళ్ల నాన్నగారు ఆ రాత్రి ఎల్లా కూర్చున్నారో ఆ అమ్మాయి నాలుగే నాలుగు మాటల్లో చెప్పింది. నేను ఇక్కడ అంతకన్నా ఎక్కువ రాయను.

"గట్లు పోవడం తప్పని నేను అనను మామయ్యగారూ. కొల్లేరు బతకాలి, దాని మీద పుట్టినవాళ్లం మాకన్నా ఎవరికి కావాలి? కాని అటువంటి గీత ఒకటి వుందని, మేం దానికి లోపలున్నామని గట్టు వేసినప్పుడు మాకు తెలియదు. గీత కాగితం మీద వుంది. మేం నీళ్లలో వున్నాం," అంది.

మనవడు పెన్సిలు కింద పెట్టాడు. తల్లి నోట ఆ మాటలు వాడు వినడం అదే మొదలు.

పులిజూదం మాట మనసులో పెట్టుకోమన్నాను, గుర్తుందా? మేకలు ఓడిపోయినా ఆటను తిట్టవు, ఎంచేతంటే గీతలు ముందే కనబడుతున్నాయి. ఆటకు న్యాయం అంతే, ఆ మాటకొస్తే పటానికీ న్యాయం అంతే. పావు పెట్టకముందు గీత కనబడాలి. పెట్టాక చూపించే గీత పన్నాగమవుతుంది గాని పటం కాదు.

అంచేత మూడు గీతలూ వేశాం. సిరాతో, చుక్కల వరసలుగా, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఆట పది వంతులు. ఒక్కో వంతు ఒక్కో నెల. డిసెంబరులో మొదలు. అప్పుడు నీళ్లు మధ్యగీత దగ్గర వుంటాయి. మార్చి నుంచి లోపలి గీతకు తగ్గుతాయి. ఏడో వంతులో వానలు, నీళ్లు బయటికి పాకుతాయి. ఏ గీత మధ్య సేన దిగి వుందో ఆ సేన దానికి సిద్ధపడాలి. నలుగురు ఆటగాళ్లతో పాటు అయిదో ఆటగాడు నీరే. దానికి పావుల్లేవు, పాచికల్లేవు. దాని ఎత్తు అందరికీ ముందే తెలుసు, అయినా ఆపేవాడు లేడు.

లంకలవాళ్లకు వేరుశనగ డొప్పలు దోనెలుగా పెట్టాం. అవి ఏ రాజువీ కావు. బతిమాలుకున్నవాణ్ణి, కూలి ఇచ్చినవాణ్ణి దాటిస్తాయి. లంకను దోచినవాడికి మళ్లీ దోనె దొరకదు. ఈ నియమం మనవరాలు పెట్టింది. సముద్రాన్ని కూడా గళ్లుగా విడగొట్టి ఆటలో కలిపిన అమెరికా మేధావి అలన్ కాలమర్ తన 'డిప్లొమసీ' ఆటను 1959లో అచ్చువేసుకున్నాడు. ఆయన పిల్లను చూసి వుంటే భుజం తట్టేవాడనే అనుకుంటాను.

ఇదంతా ఇంట్లో కూర్చుని అల్లిన కల్పన అనుకునేరు! చరిత్రలో కూడా నీళ్ల ఎత్తే ఎత్తు. ఫోర్డు ఫిబ్రవరి మొదటివారంలో ఏలూరు చేరి, గజపతి డబ్బు కోసం, మనుషుల కోసం ఎదురుచూస్తూ ఆ నెలంతా అక్కడే కూర్చున్నాడు. మార్చి 1న కదిలి 6న బందరు ముందు దిగాడు. కొల్లేటి నీళ్లు తగ్గే వేళ అది. మరి నాలుగు నెలలు ఆగి వుంటే ఏం గతో మా పటం మీద ఎన్నిసార్లయినా ఆడి చూసుకోవచ్చు. ఇహ బందరు కోట మూడువైపులా బురద. ఆ బురదలోంచి మనిషి నడవలేడని ఫ్రెంచివాళ్ల ధీమా. ఆ ఊరివాళ్లు నైరుతి దిక్కున బురదకు అడ్డంపడి నడిచి రావడం ఇంగ్లీషువాళ్ల కంట పడింది. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, పోటు తీసి కందకంలో నీళ్లు తగ్గే వేళ చూసుకుని కోట మీద పడ్డారు. తెల్లవారేసరికి కోట చిక్కింది. పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువమంది! బెజవాడ దాకా వచ్చిన సలాబత్ జంగ్ మే 14న ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచివాళ్ల కథ మన కోస్తాలో అక్కడితో సరి. బురదలో దారి తెలిసినవాడి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మా పటంలో అతనికో వేరుశనగ డొప్ప వుంది.

పటం పూర్తయిన ఆదివారం మా వియ్యంకుడుగారు ఏలూరు నుంచి వచ్చారు. ఆయన మితభాషి. "రండి బావగారూ, మీకు దోనెలు ఇచ్చాం," అంటే నవ్వి కూర్చున్నారు. రెండు గంటలు ఆడారు. ఎవరినీ గెలవనివ్వలేదు. ఫ్రెంచివాళ్లను ఒకసారి, నవాబును రెండుసార్లు సగం నీళ్లలో దింపి కూలి పెంచారు!

ఆట మధ్యలో మనవడు మెల్లిగా, "తాతయ్యా, మీ చెరువు ఏ గీతకు లోపల?" అని అడిగాడు.

మా కోడలు చేతిలో కాఫీ గ్లాసుతో నిలబడిపోయింది. నేను చింతపిక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని, పటం మీదికి వంగి, మధ్యగీతకు ఇవతల, ఇంచుమించు దాని మీదే వేలు పెట్టారు. "ఇదిగో, ఇక్కడ. ఇది చెరువు. ఇది మా ఇంటి మెరక. ఇటు పడమర కిక్కిస. చలికాలం గూడబాతులు ఇటే దిగేవి. మీ అమ్మ చిన్నప్పుడు వాటికి పేర్లు పెట్టేది," అన్నారు.

"ఏం పేర్లు?" అంది మనవరాలు వెంటనే.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. వానాకాలంలో దోనె మీద బడికి పోవడం, పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో జనం వెల్లువెత్తడం, మొదటి చెరువు తవ్విన ఏడు, గట్టు పోయిన రోజు, అన్నీ. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, చేపల ధర చెప్పినట్టు చెప్పుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లకు దగ్గరగా లోపల వున్న మాట అది. మా కోడలు కాఫీ చల్లారిపోయినా గమనించలేదు.

ఆ రోజు ఆట పదో వంతుదాకా పోలేదు. ఎవరు గెలిచారంటే చెప్పలేను.

ఆ పటం చూసి మా వీధిలో నలుగురు మాకూ కావాలన్నారు. అచ్చువేయించడానికి తీసుకువెడితే ప్రెస్సు కుర్రవాడు, "ఈ చుక్కల గీతలు మూడెందుకండీ మాస్టారూ? ఒకటి వుంచి రెండు తీసేస్తే రంగుల ఖర్చు కలిసొస్తుంది," అన్నాడు.

ఖర్చు ఎంతయినా ఫరవాలేదు, మూడూ వుండాలన్నాను. పటం వెల ఆ మేరకు పెరిగింది. కొనదలచుకున్నవారు నన్ను క్షమించి కొనుక్కోవాలి.